కొట్టేసిన సోమవారం

నేను నలుగురిని నవ్విస్తే ఒక మనిషి నెల రోజులు లారీ ఆపుకుని ఇంట్లో కూర్చున్నాడు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చదివేవాళ్ళకు ఉత్కంఠ ఉండదని తెలుసు. ఉండకపోవడమే మంచిది. ఉత్కంఠ పెట్టి చెప్పేంత గొప్ప పని కాదు నేను చేసింది.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. కర్నూలులో ఒక బట్టల దుకాణం మీద, రెండో అంతస్తులో ఉండే సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉద్యోగం. సాఫ్ట్‌వేర్ అనగానే జనానికి ఏసీ గుర్తొచ్చే రోజులు. మాకూ ఏసీ ఉండేది, కానీ అది సర్వరుకు. సర్వరు పక్కన కూర్చున్నవాళ్ళకు ఎంగిలి గాలి కాస్త తగిలేది. ఆ కుర్చీ కోసం రోజూ పొద్దున పోటీ. దాదాపు రోజూ నేనే గెలిచేవాణ్ణి, ఎందుకంటే మిగతావాళ్ళు ఇంట్లో తిని వచ్చేవాళ్ళు, నేను వచ్చాక కింద బండి దగ్గర ఉగ్గాని బజ్జి తెప్పించుకునేవాణ్ణి.

ఆ ఏడాది మాకు ఎర్రగుంట్ల నుంచి ఒక పని వచ్చింది. అక్కడ ఒక సిమెంటు ఫ్యాక్టరీ గేటు బయట ఎప్పుడూ యాభై అరవై లారీలు నిలబడి ఉంటాయి. ముందు వచ్చిన లారీకి ముందు లోడు. దీన్ని అక్కడ సీరియల్ అంటారు. వినడానికి ఇంత తేలికైన విషయం మీద తలలు పగిలిన రోజులున్నాయట. అందుకని లారీ ఓనర్ల సంఘం తమ ఆఫీసులో ఒక నల్లబల్ల పెట్టి, ఏ లారీ ఏ రోజు, ఏ టైముకు వచ్చిందో దాని మీద రాయించేది.

రాసేది ఒక పెద్దాయన. ఆయనకు సొంత లారీ ఒకటి, దానికి తనే డ్రైవరు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. ఆయన్ని ఆ పనికి ఎవరూ ఎన్నుకోలేదు. అక్షరాలు గుండ్రంగా ఉంటాయని మొదట రాయమన్నారు, తరవాత ఎవరూ మానమనలేదు, అంతే. పదకొండేళ్ళు రాశాడు. తన లారీకి లోడు దొరికి ఊరు దాటితే ఇంకెవరో రాసేవారు. తిరిగి రాగానే ఆ అక్షరాలను చూసి ఆయన ముఖం చిట్లించుకునేవాడట.

ఆయన బల్లకు ఒక పద్ధతి ఉంది. లోపలికి పోయిన లారీని ఏదో లోపముందని గేటు నుంచి వెనక్కి పంపితే, అది మళ్ళీ వచ్చినప్పుడు సీరియల్‌లో చివరికి పోవాలి. అప్పుడు ఆయన పాత రోజునూ పాత టైమునూ తుడిచేవాడు కాదు. వాటి మీద ఒక గీత కొట్టి, అడుగున కొత్త టైము రాసి, పక్కన కారణం రాసేవాడు. టైరు. కాగితాలు. పట్టా చినిగింది. తుడిచేస్తే ఎవడో ఒకడికి అనుమానం వస్తుంది, కొట్టేసింది కళ్ళెదుట ఉంటే ఎవరికీ నోరు లేవదని ఆయన సిద్ధాంతం.

తరవాత ఫ్యాక్టరీ వాళ్ళు గేటు దగ్గర కంప్యూటరు పెట్టారు. లారీ వచ్చిన ప్రతిసారీ ఆ కంప్యూటరు సంఘం ఆఫీసులోని కంప్యూటరుకు ఒక ఉత్తరం పంపుతుంది. ఆ ఉత్తరం అందుకుని, వరస పెట్టి, పొద్దున్నే అచ్చు తీసే వెబ్ సర్వీసు రాయడం మా పని. మా అంటే నా.

ఆ ఉత్తరాలు ఎక్స్ఎంఎల్‌లో ఉంటాయి. బెదరాల్సిందేమీ లేదు. మామూలు మాటలే, కాకపోతే ప్రతి మాటకూ ముందొక చీటీ, వెనకొక చీటీ కట్టి ఉంటాయి: ఇది లారీ నంబరు, ఇది వచ్చిన టైము అని. ఏ ఉత్తరంలో ఏమేం ఉండొచ్చో చెప్పే ఒప్పందం ఫైలు ఒకటి ఫ్యాక్టరీ వాళ్ళు ఇస్తారు. దాన్ని ఒక పనిముట్టుకు అప్పగిస్తే, ఆ ఉత్తరానికి సరిపోయే క్లాసులు అదే తయారుచేసి పెడుతుంది. క్లాసంటే గళ్ళు అచ్చువేసిన దరఖాస్తు ఫారం అనుకోండి. ఉత్తరం వస్తుంది, గళ్ళలో నిండుతుంది, మనం గళ్ళు చూసుకుంటే చాలు. బుద్ధున్నవాళ్ళు చేసే పని అది.

నేను ఫారాలు వద్దన్నాను. పచ్చి ఉత్తరాన్నే చదువుతానన్నాను.

దానికి నా దగ్గర కారణం లేకపోలేదు. పని మొదలైన రెండు నెలల్లో ఫ్యాక్టరీ వాళ్ళు ఒప్పందాన్ని మూడుసార్లు మార్చారు. మార్చిన ప్రతిసారీ క్లాసులు మళ్ళీ తయారుచేసి, ప్రోగ్రామంతా మళ్ళీ కట్టి, సీడీలో ఎక్కించుకుని, నంద్యాల మీదుగా బస్సులో ఎర్రగుంట్లకు పోవాలి. ఎండాకాలం ఆ బస్సు కిటికీ పక్కన కూర్చుంటే చేయి ఒకవైపే కాలుతుంది. పచ్చి ఉత్తరాన్ని చదివితే ఆ బాధ లేదు. నాకు కావాల్సింది రెండే రెండు, లారీ నంబరూ టైమూ. మిగతాది ఎట్లా మారితే నాకేం?

ఇది పైకి చెప్పిన కారణం. లోపలి కారణం వేరే. పనిముట్టు రాసిన కోడును వాడితే అందులో నా గొప్ప ఏముంది?

మా ఆఫీసులో కోడుమూరు నుంచి వచ్చిన ఒకామె ఉండేది, నేను అక్కా అనేవాణ్ణి. నాకన్నా నాలుగేళ్ళు సీనియరు. తక్కువ మాట్లాడేది, మాట్లాడితే ప్రశ్నే వేసేది.

"క్లాసులెందుకు వద్దంటాండావు?" అంది.

"మా నాయన ఆత్మకూరులో శెనక్కాయలు కొంటాడు కదక్కా. బస్తా మీద ఏం రాసుండాదో చూడడు. కుట్టు విప్పి, చేయి పెట్టి చూస్తాడు. నేనూ అంతే. ఇది మా ఇంటి విద్య."

"మీ ఇంటి విద్య సరే. ఒప్పందం ఫైలు చివరిదాకా చదివినావా?"

"చదివినా. చివర్లో హీరో చచ్చిపోతాడు."

ఆఫీసంతా నవ్వింది. అక్క నవ్వలేదు. తొమ్మిది పేజీల ఫైలులో నేను చదివింది రెండు పేజీలు. జోకుకు ఉన్న పెద్ద సౌకర్యమేమిటంటే, అది వేశాక రెండో ప్రశ్న ఎవరూ అడగరు.

టైమును ఉత్తరంలోంచి బయటికి లాగడానికి నేను రాసింది ఒక్కటే లైను. ఎక్స్ఎంఎల్‌లో ఫలానా చీటీ ఫలానా చీటీ లోపలుందని దారి చెప్పి వెతకొచ్చు. దారి చెప్పే ఓపిక లేకపోతే, ముందర రెండు వాలు గీతలు పెడితే చాలు. ఎక్కడున్నా సరే, మొత్తం వెతుకు అని దాని అర్థం. నేను రెండు గీతలు పెట్టి, టైము అనే చీటీ ఎక్కడ మొదట కనబడితే అది పట్టుకు రమ్మన్నాను. పట్టుకొచ్చింది. పరీక్షకని ఫ్యాక్టరీ వాళ్ళు పంపిన ఇరవై ఉత్తరాల్లోనూ సరిగ్గా పట్టుకొచ్చింది. నాకు నా మీద గౌరవం పెరిగింది.

ప్రోగ్రాము మొదలయ్యాక పదిహేను రోజులు దగ్గరుండి చూసుకోమని నన్ను ఎర్రగుంట్లకు పంపారు. సంఘం ఆఫీసంటే రేకుల షెడ్డు, కింద నాపరాళ్ళు. కంప్యూటరు మీద పొద్దున గుడ్డతో తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ సిమెంటు దుమ్ము. నల్లబల్లను గోడ వైపుకు తిప్పి మూలన నిలబెట్టేశారు. పెద్దాయన రోజూ వచ్చి, బల్ల వీపు కేసి ఒకసారి చూసి, నా పక్కన కూర్చునేవాడు.

"ఏమప్పా, నీ పెట్టె లేచిందా?"

"లేచింది. మొగం కడుక్కుంటాండాది."

"పదకొండేండ్లు రాసినా నేను. ఒక్కరోజు కరెంటు పోయిందని ఆపలే."

"మీకు కరెంటుతో పనేముంది పెద్దాయనా, మీరు సంగటితో నడుస్తారు కదా."

ఆయన నవ్వేవాడు. కంప్యూటరును నోరారా తిట్టేవాడు, నన్ను మాత్రం ఒక్కమాట అనేవాడు కాదు. టీ రెండు గ్లాసులు తెప్పించి ఒకటి నా ముందు పెట్టేవాడు. ఆ వారం ఆయన లారీ కూడా సీరియల్‌లోనే ఉంది. సోమవారం వచ్చింది. బుధవారం వంతు వచ్చి లోపలికి పోతే, పైన కప్పే టార్పాలిన్ పట్టాకు మూరెడు చిరుగుందని వెనక్కి పంపారు. దాన్ని కుట్టించుకుని గురువారం సాయంత్రం ఆరింటికి మళ్ళీ వచ్చి గేటులో రాయించుకున్నాడు. వచ్చి నా దగ్గర కూర్చున్నాడు. షెడ్డులో పది పన్నెండు మంది ఉన్నారు.

"నేను రాయించింది ఈ పెట్టెలో యాడుంటాదో చూపీ," అన్నాడు.

చూపించాను. తెర మీద ఉత్తరాలు అందిన వరసలో లారీ నంబర్లే కనబడతాయి, టైము చూసి వరస పెట్టేది పొద్దున అచ్చులోనే. వేలు తెర మీద పెట్టి, ఒక్కో నంబరూ చదివాడు. కింది నుంచి మీదికి పోయేదెట్లా అని అడిగాడు. బాణం గుర్తున్న మీట చూపించాను. దాన్ని నాలుగుసార్లు నొక్కాడు, తెర కదిలినప్పుడల్లా చేయి వెనక్కి తీసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చూశారు. నలభై ఏళ్ళు లారీ తోలిన చేయి ఒక మీటకు బెదురుతుంటే ఎవరికైనా చూడబుద్ధి అవుతుంది.

మర్నాడు పొద్దున ఏడింటికి అచ్చు తీసి గోడకు అంటించాను. అంటించి టీకి పోయాను. తిరిగి వచ్చేసరికి షెడ్డు ముందు గుంపు. జాబితాలో మొదటి నంబరు పెద్దాయనది.

మూడు రోజులుగా ఎండలో నిలబడ్డవాళ్ళున్నారు. నిన్న సాయంత్రం వచ్చిన లారీ వాళ్ళందరి నెత్తి మీదికి ఎక్కింది.

"పెట్టెను తిట్టీ తిట్టీ, పెట్టెతోనే పొత్తు పెట్టుకున్యాడు సూడు!"

"నిన్న సందేళ ఈయప్ప మీటలు నొక్కుతాంటే నేను జూసినా. మీదికి పోయేది ఏదని అడిగి మరీ నొక్కినాడు!"

"పదకొండేండ్లు బల్ల మీద ఎన్ని మార్చినాడో ఎవురికి తెల్సు!"

ఈ చివరి మాట అన్నవాడే ఒకసారి చుట్టూ చూశాడు. తరవాత ఎవరూ కాదనకపోవడంతో ఆ మాట అక్కడే నిలబడిపోయింది.

పెద్దాయనను లారీలోంచి లేపి తీసుకొచ్చారు. ఆయన జాబితా చూశాడు. జేబులోంచి కళ్ళద్దాలు తీసి, పెట్టుకుని, మళ్ళీ చూశాడు.

"ఇది తప్పప్పా. నా వంతు కాదిది. నేను నిన్న సాయంత్రం వచ్చినా."

"దొరికినాక అందురూ అదే అంటారు!"

అప్పుడు సంఘం అధ్యక్షుడు వచ్చాడు. ఆయనకు తొమ్మిది లారీలు, ముప్పై ఎకరాలు. సిమెంటు దుమ్ములో తిరిగినా ఇస్త్రీ మడత నలగని చొక్కా. కోపిష్ఠి అంటారు గానీ ఆ పొద్దున ఆయన నిదానంగానే అడిగాడు. గుంపును ఆపి, నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పప్పా. సదువుకున్యోనివి. ఈ పెట్టె దానంతట అది తప్పు రాస్తాదా?"

ఇక్కడ ఆగి ఒక విషయం చెప్పాలి. తప్పెక్కడ జరిగిందో ఆ నిమిషానికి నాకు తెలియదు. అది నిజం. కానీ ఒకటి మాత్రం ఖాయంగా తెలుసు: ఆ గదిలో కూర్చుని ఎవరు ఏ మీట నొక్కినా లారీ వచ్చిన టైము మారదు. టైము ఫ్యాక్టరీ గేటు నుంచి వస్తుంది, మా దగ్గర చూడ్డమే తప్ప దిద్దడానికి వీల్లేదు. ఆ వీలు లేకుండా కట్టింది నేనే. పెద్దాయన అమాయకుడని చెప్పడానికి ఆ ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం ఆ షెడ్డులో నా ఒక్కడి దగ్గరే ఉంది.

యాభై మంది నా నోటి కేసి చూస్తున్నారు. అంతమంది చూస్తే నా నోటికి ఒకటే పని తెలుసు.

"పెట్టెకు చుట్టాల్లేరన్నా," అన్నాను. "బీడీ ఇచ్చినా తాగదు."

షెడ్డు దద్దరిల్లింది. అధ్యక్షుడు కూడా నవ్వాడు. ఎవరో నా వీపు మీద చరిచారు. ఏదో అనబోయి నోరు తెరిచిన పెద్దాయన, ఆ నవ్వు ఆగేదాకా అట్లాగే నిలబడి, ఆగకపోయేసరికి నోరు మూసుకున్నాడు. కళ్ళద్దాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పెట్టె తప్పు రాయదంటే మనిషే మార్చాడని అర్థం. పది నిమిషాల్లో తీర్పు అయిపోయింది. నెల రోజులు ఆయన లారీకి సీరియల్ లేదు. ఆయన వాదించలేదు. లారీ తిప్పుకుని పోతుంటే వెనక నుంచి ఒకరిద్దరు ఈలలు వేశారు. ఆ మధ్యాహ్నం నాకు కోడికూర భోజనం పెట్టించారు. తిన్నాను. బాగుంది. ఆ సంగతి దాచాలనుంది గానీ, నిజంగానే బాగుంది.

ఆ శనివారం కర్నూలుకు తిరిగి వచ్చాక, సోమవారం ఆఫీసులో ఆ ఉత్తరం తీశాను. పచ్చి ఉత్తరాలు చదవడంలో ఒక మంచి ఉంది, వచ్చింది వచ్చినట్టు దాచుకోవచ్చు. నేనైతే అన్నీ దాచాను. పెద్దాయన లారీ ఉత్తరాన్ని తెర మీద పరిచి చదవడం మొదలుపెట్టాను. ఫారం లేదు, గళ్ళు లేవు, ఉన్నది ఉన్నట్టు.

లారీ నంబరు. దాని కింద "పాత రాక" అని ఒక చీటీ. దాని లోపల టైము: సోమవారం. కారణం: పట్టా చినిగింది. అక్కడితో పాత రాక అయిపోయింది. దాని కింద అసలు టైము: గురువారం, సాయంత్రం ఆరు.

నా రెండు వాలు గీతలు ఉత్తరమంతా వెతికి, మొదట కనబడ్డ టైమును పట్టుకొచ్చాయి. అది సోమవారం. వెనక్కి పోయి మళ్ళీ వచ్చిన లారీ ఆ పదిహేను రోజుల్లో అదొక్కటే.

ఒప్పందం ఫైలు ఏడో పేజీ తెరిచాను. పాత రాక అనే భాగం అక్కడుంది. మొదటి నుంచీ ఉంది. పనిముట్టును క్లాసులు తయారుచేయనిచ్చి ఉంటే, పాత రాకకు ఒక గడి, అసలు టైముకు వేరే గడి, రెండూ నా కళ్ళ ముందుండేవి. చదవకపోయినా కనబడేవి. దాని కింద ఫ్యాక్టరీ వాళ్ళెవరో ఒక గమనిక కూడా రాశారు: సంఘం నల్లబల్ల మీద వెనక్కి పంపిన లారీల పాత టైమును తుడవకుండా కొట్టేసి ఉంచే పద్ధతి ఉంది, అందుకే ఇక్కడ కూడా ఉంచుతున్నాం.

అంటే ఆయన పద్ధతే. ఎవరికీ అనుమానం రాకూడదని పదకొండేళ్ళు ఆయన కొట్టిన గీతను ఫ్యాక్టరీ వాళ్ళు మర్యాదగా ఉత్తరంలో పెట్టి పంపారు. నేను ఆ గీతను చూడకుండా గీత కింది టైమును పట్టుకుని ఆయన్ని దొంగను చేశాను.

దిద్దడానికి ఐదు నిమిషాలు పట్టింది. రెండు గీతలు తీసేసి పూర్తి దారి రాశాను. ఎర్రగుంట్లకు కొత్త సీడీ వేరొకరి చేత పంపించాను. మా నాయన బస్తాలో చేయి పెడతాడని గొప్పగా చెప్పుకున్నాను కదా. ఆయన మోచేయి దాకా పెట్టి అడుగు నుంచి తీసి చూస్తాడు. పైనున్న మొదటి పిడికెడు ఎవడైనా మంచిదే పోస్తాడని ఆయనకు తెలుసు. ఆ భాగం నేను అక్కకు చెప్పలేదు. నాకే గుర్తు రాలేదు.

అక్క మారిన లైను చూసింది.

"ఏం మార్చినావు?"

"చిన్నదక్కా."

ఆమె ఉత్తరం చదివింది, నన్ను అడిగి జరిగింది తెలుసుకుంది. ఏమీ తిట్టలేదు. తిట్టి ఉంటే దాని మీద ఏదో ఒక జోకు వేసి తప్పించుకునేవాణ్ణి.

"చిన్నదే," అంది. "ఆయనకు చెప్పినావా?"

లేదు. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పట్లో నా దగ్గర మంచి మంచి కారణాలుండేవి. సంఘం వాళ్ళు పని మానిపిస్తే ఆఫీసుకు నష్టం. అధ్యక్షుడు కోపిష్ఠి. ఫోనులో చెప్పే మాట కాదు. వచ్చేవారం ఎట్లాగూ పోవాలి కదా. వచ్చేవారం పోలేదు, జ్వరం వచ్చింది. జ్వరం నిజంగానే వచ్చింది, కాకపోతే ఒక్కరోజు. రెండు మూడు రోజులకొకసారి అక్క టిఫిను డబ్బా మూత తీస్తూ అడిగేది.

"చెప్పినావా?"

"చెప్తాలే అక్కా."

అసలు సంగతి వేరు. ఆ షెడ్డులో యాభై మంది ఇంకా నా జోకును చెప్పుకుంటున్నారని నాకు వార్త వచ్చింది. బీడీ తాగని పెట్టె అని కంప్యూటరుకు పేరు కూడా పెట్టారట. ఆ పేరు పోతుందని నా బాధ. ఒక మనిషి పరువు ఒకవైపు, నా జోకు ఒకవైపు. ఇరవై ఆరు రోజులు జోకే బరువుగా తూగింది.

ఇరవై ఆరో రోజు అక్క అడగలేదు. డబ్బా మూత తీసి, తినడం మొదలుపెట్టింది. నేను ఎదురుగా కూర్చుని చూశాను. ఇంకా అడగలేదు. మర్నాడు పొద్దున బస్సెక్కాను.

పెద్దాయన ఊరు ఎర్రగుంట్లకు ఆరు మైళ్ళు. లారీ ఇంటి ముందే ఉంది, చక్రాలకు రాళ్ళు పెట్టి. ఆయన దాని నీడలో నేల మీద పట్టా పరుచుకుని, దబ్బనంతో కుడుతున్నాడు. అదే పట్టా. ఆ చిరుగు కాదు, ఇంకా రాని చిరుగులకు ముందే కుట్లు వేస్తున్నాడు. పని లేని మనిషి పని.

"ఏమప్పా, ఇంత దూరం వచ్చినావు. కూచో. నీళ్ళు తాగుతావా?"

తాగాను. జరిగింది చెప్పాను. ఉత్తరం అచ్చు తీసిన కాగితం ఆయన ముందు పెట్టి, పాత రాకను వేలితో చూపించాను. ఆయన కాగితాన్ని చూడలేదు. కుట్టు ముడి వేసి, దారం కొరికాడు.

"నాకు ఆ పొద్దే తెల్సు."

"ఎట్లా?"

"నీ జాబితాలో నా నంబరు పక్కన సోమవారం అని ఉండె. సోమవారం నేను వచ్చింది నిజమే కదా. మరి దాని మీది గీత యాడపోయిందబ్బా అనుకుంటి."

"మరి చెప్పలేదే ఆడ?"

"చెప్పబోయినా." దబ్బనానికి మళ్ళీ దారం ఎక్కించుకుంటున్నాడు. చూపు ఆనక రెండుసార్లు తప్పిపోయింది. "నువ్వు నవ్విస్తివి. నవ్వేటోళ్ళకు ఏం చెప్తావప్పా?"

ఆయన చూడని కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఇప్పుడు నేనేం చేయాల పెద్దాయనా?"

"నాకు చెప్తే ఏం లాభం. నాకు తెల్సినదే కదా ఇది. యాడ నవ్విచ్చినావో ఆడ చెప్పు. పొద్దున ఏడుకు, అందురూ ఉన్నెప్పుడు. నేనూ వస్తా."

మర్నాడు ఏడింటికి షెడ్డు ముందు నిలబడ్డాను. జాబితా చూడ్డానికి అందరూ వచ్చారు. నన్ను చూడగానే కొందరు ముందే నవ్వుముఖం పెట్టుకున్నారు.

"తప్పు పెద్దాయనది కాదు," అన్నాను. "పెట్టెదీ కాదు. నేను రాసిందాంట్లో తప్పుండాది."

నవ్వారు. గట్టిగా నవ్వారు. అధ్యక్షుడు నా భుజం మీద చేయి వేశాడు. "ఏమప్పా, ఈసారి నీ మీద నువ్వే ఏసుకుంటాండావా?"

రెండోసారి చెప్పాను. ఈసారి సగం మంది నవ్వారు. కాగితం తీసి, సోమవారం ఎక్కడుందో, గురువారం ఎక్కడుందో, నేను దేన్ని పట్టుకున్నానో, ఎవరు ఏ మీట నొక్కినా అది మారదని ఆ రోజే నాకు తెలుసని మూడోసారి చెప్పాను. నా గొంతు నాకే పరాయిగా వినబడింది. అందులో ఎక్కడా నవ్వే చోటు లేదు. నవ్వు ఆగిపోయింది. ఒక చెంపదెబ్బ పడితే నయమనిపించింది, కానీ ఎవరూ కొట్టలేదు. నాకు అంత సులువు దొరకలేదు.

"తెల్సీ చెప్పలేదా?" అన్నాడు అధ్యక్షుడు. చేయి నా భుజం మీంచి తీసేశాడు.

"లేదన్నా."

"ఎన్నాళ్ళాయె?"

"ఇరవై ఎనిమిది దినాలు."

ఆయన పెద్దాయన వైపు తిరిగాడు. "సరే, అయిందేదో అయింది. ఇంగ రెండు దినాలే కదా, ఈపొద్దే పెట్టుకో నీ లారీని."

"నెల అన్యారు. నెల అయినాకనే వస్తా," అన్నాడు పెద్దాయన. "ఆ బల్ల ఇట్ల తెండి."

ఇద్దరు పోయి మూలనున్న నల్లబల్లను ముందుకు తిప్పారు. కంప్యూటరు రాకముందు రాసిన చివరి నంబర్లు సగం చెరిగి ఇంకా దాని మీద ఉన్నాయి. పెద్దాయన ఒక పక్కన ఖాళీ చూసుకుని, తన లారీ నంబరు రాశాడు. దాని ఎదురుగా, నెల రోజులు సీరియల్ లేదు అని రాశాడు. గుండ్రటి అక్షరాలు. రాసి సుద్దముక్క నా చేతికిచ్చాడు.

"కొట్టెయ్."

గుడ్డ కోసం చూశాను.

"తుడవొద్దు. కొట్టెయ్. పక్కన కారణం రాయి."

గీత కొట్టాను. అది కొంచెం వంకరగా పోయింది. తరవాత కారణం దగ్గర సుద్దముక్క పట్టుకుని ఆగాను. యాభై మంది వెనక నిలబడి ఉన్నారు. అప్పుడు కూడా, సిగ్గు లేకుండా, నా తలలోకి మొదట వచ్చింది ఒక జోకే. చాలా మంచి జోకు. రాస్తే పెద్దాయన కూడా నవ్వేవాడేమో.

అది రాయలేదు. నా పేరు రాసి, దాని పక్కన తప్పు అని రాశాను. పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరికొచ్చి చదివాడు.

"తెల్సీ చెప్పలేదని కూడా రాయి," అన్నాడు.

రాశాను.